వర్చువల్ మెషీన్లలో టైమ్ తప్పకుండా చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కేవీఎం, వీఎంవేర్, హైపర్-వీ, వర్చువల్‌బాక్స్, క్లౌడ్ ఇన్‌స్టాన్స్‌లు నడిపే అడ్మిన్‌ల కోసం ఈ పేజీ. వర్చువల్ మెషీన్‌నే వీఎం లేదా గెస్ట్ అంటాం, అది నడిచే అసలు మెషీన్ హోస్ట్, వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. వీఎంలలో టైమ్ గొడవలు చాలావరకు ఒక్క కారణంతోనే వస్తాయి. ఒకే గెస్ట్ గడియారాన్ని ఇద్దరు ముగ్గురు సరిచేస్తుంటారు, లేదంటే ఎవరూ సరిచేయరు. సరిచేసేది ఎవరో ముందు తేల్చుకోండి. కింది జవాబులన్నిటికీ అదే ఆధారం. కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాం, టెర్మినల్‌లో వాటి మామూలు స్పెల్లింగ్ వాడండి.

అసలు మెషీన్ మీద బాగా నడిచే టైమ్ వీఎంలో ఎందుకు తప్పుతుంది?

అసలు మెషీన్‌లో టైమర్ చిప్పు క్రమం తప్పకుండా ఇంటరప్ట్ పంపుతుంది, కెర్నల్ ఆ టిక్‌లను లెక్కపెడుతుంది. గెస్ట్‌కు ఆ చిప్పు నేరుగా అందదు. పైగా గెస్ట్ ప్రతి క్షణం సీపీయూ మీద ఉండదు. హోస్ట్ దాన్ని పక్కన పెట్టి వేరే వీఎంను నడిపిన ఆ కాసేపట్లో రావలసిన టిక్‌లు రావు. తర్వాత హైపర్‌వైజర్ వాటిని గుంపుగా పంపాలి, లేదా వదిలేయాలి. వదిలేస్తే గెస్ట్ వెనకబడుతుంది. గుంపుగా పంపేటప్పుడు గెస్ట్ కెర్నల్ కూడా తప్పిన టిక్‌లను తనంతట తాను కలుపుకుంటే లెక్క రెండుసార్లు పడి గడియారం ముందుకు పోతుంది. సెకనుకు 1000 టిక్‌లు అడిగే పాత లినక్స్ కెర్నళ్ల మీద ఇది బాగా కనిపించేది.

ఇప్పటి లినక్స్ టిక్‌లను లెక్కపెట్టదు, ఒక కౌంటర్‌ను చదువుతుంది. కాబట్టి ఆ పాత జబ్బు చాలావరకు పోయింది. మిగిలినవి వేరు: వీఎంను పాజ్ చేయడం, స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లడం, లైవ్ మైగ్రేషన్‌లో వేరే సీపీయూ మీదికి మారడం, హోస్ట్ గడియారమే తప్పుగా ఉండటం. వీటికి తోడు క్రిస్టల్‌కు సహజంగా ఉండే తేడా ఒకటుంది. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే రోజుకు 86.4 మిల్లీసెకన్లు. వంద వంతులైతే రోజుకు 8.64 సెకన్లు. ఎవరూ సరిచేయని గెస్ట్ నెల తిరిగేసరికి నిమిషాల్లో తప్పడానికి ఈ మాత్రం చాలు.

ఎంత తేడా వరకు పర్వాలేదు?

మీరు నడిపే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ డొమైన్ వ్యవస్థ) లాగిన్‌లను సరిచూసే కెర్బరోస్ డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకు ఓర్చుకుంటుంది, అది దాటితే లాగిన్‌లు ఆగిపోతాయి. ఫోన్ యాప్ ఇచ్చే ఆరంకెల ఓటీపీ 30 సెకన్లకోసారి మారుతుంది కాబట్టి సర్వర్ ఒక నిమిషం తప్పినా సరైన కోడ్‌ను తిరగ్గొడుతుంది. సెఫ్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మానిటర్ల మధ్య 0.05 సెకన్లు దాటగానే హెచ్చరిక వస్తుంది. కాక్రోచ్‌డీబీ డేటాబేస్ డిఫాల్ట్ హద్దు 500 మిల్లీసెకన్లు. ఆ హద్దులో 80 శాతం దాటిన నోడ్ తనంతట తానే ఆగిపోతుంది. గెస్ట్ గడియారం వెనకబడితే కొత్తగా జారీ అయిన టీఎల్ఎస్ సర్టిఫికెట్ ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటుంది. షేర్డ్ ఫోల్డర్‌లో ‘మేక్’ నడిపితే క్లాక్ స్క్యూ హెచ్చరిక ఇచ్చి, కొన్ని ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయకుండా వదిలేస్తుంది.

మామూలు వెబ్ సర్వర్లకు 100 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలు. కానీ ఐదారు మెషీన్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఏది ముందు జరిగిందో తేల్చాలంటే 10 మిల్లీసెకన్ల లోపు లక్ష్యంగా పెట్టుకోండి. కింద చెప్పిన పద్ధతితో అది కష్టం కాదు.

మా వీఎం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పుతోంది. ఎందుకు?

మన దేశంలో అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఐదున్నర గంటలు అనగానే డ్రిఫ్ట్ (గడియారం కొద్దికొద్దిగా తప్పడం) కాదని అర్థమైపోవాలి, ఎందుకంటే భారత ప్రామాణిక సమయానికీ (ఐఎస్‌టీ) ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ ఉన్న దూరం అంతే. ఇందులో మూడు రకాలున్నాయి.

మొదటిది కేవలం టైమ్‌జోన్. లినక్స్‌లో ‘డేట్ -యు’ కొట్టి చూడండి. యూటీసీ సరిగ్గా ఉండి స్థానిక సమయమే తేడాగా కనిపిస్తే గడియారం తప్పలేదు, టైమ్‌జోన్ మాత్రమే యూటీసీలో ఉంది. క్లౌడ్ ఇమేజ్‌లు దాదాపు అన్నీ అలాగే వస్తాయి. కావాలంటే ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా’ అనండి. సర్వర్లను యూటీసీలోనే ఉంచి, చూపించేచోట మాత్రమే ఐఎస్‌టీకి మార్చుకోవడం మా సలహా. విదేశాల్లోని సర్వర్ల లాగ్‌లతో పోల్చేటప్పుడు ఇది చాలా కలిసొస్తుంది.

రెండోది విండోస్ గెస్ట్ ఐదున్నర గంటలు వెనక ఉండటం. హైపర్‌వైజర్ తన నకిలీ ఆర్‌టీసీలో (మదర్‌బోర్డు మీది గడియారం) యూటీసీ ఇస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. ఇక్కడ ఉదయం పది గంటలైతే విండోస్ నాలుగున్నర చూపిస్తుంది. కేవీఎం వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో ఆ వీఎం ఎక్స్ఎంఎల్ తెరిచి, క్లాక్ ట్యాగ్‌లో ఆఫ్‌సెట్ విలువను ‘యూటీసీ’ నుంచి ‘లోకల్‌టైమ్’ చేయండి. వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ పెట్టాలి, లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే చాలదు. లేదా విండోస్ రిజిస్ట్రీలో కరెంట్‌కంట్రోల్‌సెట్ కింద కంట్రోల్, అందులో టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ కీకి వెళ్లి ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే డీవర్డ్ సృష్టించి 1 పెట్టండి. రెంటిలో ఒక్కటే చేయాలి. రెండూ చేస్తే తప్పు అటు నుంచి ఇటు తిరుగుతుంది తప్ప పోదు. వర్చువల్‌బాక్స్‌లో ఇదే పనికి సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ‘హార్డ్‌వేర్ క్లాక్ ఇన్ యూటీసీ టైమ్’ టిక్ తీసేయండి.

మూడోది లినక్స్ గెస్ట్ ఐదున్నర గంటలు ముందుండటం. ఆర్‌టీసీలో స్థానిక సమయం ఉంటే లినక్స్ దాన్ని యూటీసీగా చదువుతుంది. పదిగంటలప్పుడు మూడున్నర చూపిస్తుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద సర్వర్ల నుంచి సమయం తీసుకునే పద్ధతి) నడుస్తుంటే ఇది కొన్ని సెకన్లలో సర్దుకుంటుంది కాబట్టి చాలామంది గమనించరు. బూట్ లాగ్‌లో మొదటి కొన్ని వరుసలు ఐదున్నర గంటల తర్వాతి సమయంతో ఉండి, ఒక్కసారిగా వెనక్కి దూకితే కారణం ఇదే. హైపర్‌వైజర్‌లో యూటీసీ పెట్టి, గెస్ట్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 0’ అనండి.

ఒక్కటి మాత్రం చేయవద్దు: తేడా సరిపోయేలా టైమ్‌జోన్‌ను మార్చడం. తెర మీద సమయం సరిగ్గా కనిపిస్తుంది, లోపలి యూటీసీ తప్పుగానే ఉంటుంది. ఆ తర్వాత టోకెన్లు, సర్టిఫికెట్లు, బ్యాకప్ షెడ్యూళ్లు ఒక్కొక్కటే చెడతాయి.

గెస్ట్‌లో ఎన్‌టీపీ పెట్టాలా, హైపర్‌వైజర్ సింక్ సరిపోతుందా?

రెండూ కలిపి మాత్రం వద్దు. ఎన్‌టీపీ డీమన్ (వెనక నిరంతరం నడిచే ప్రోగ్రాం) గడియారం ఎంత వేగంగా నడుస్తోందో గంటల తరబడి గమనించి, ఆ వేగాన్ని కొద్దికొద్దిగా దిద్దుతుంది. ఈలోగా వీఎంవేర్ టూల్సో మరొకటో నిమిషానికోసారి వచ్చి సమయాన్ని మార్చేస్తే, ఆ మార్పు క్రిస్టల్ తప్పేనని డీమన్ అనుకుంటుంది, లెక్కంతా పాడవుతుంది. ఆఫ్‌సెట్ గ్రాఫ్‌లో రంపపు పళ్ల ఆకారం కనిపిస్తే అనుమానించాల్సింది ఈ పోటీనే.

లినక్స్ గెస్ట్‌కు మా సిఫారసు: క్రోనీ అనే ఎన్‌టీపీ డీమన్ ఒక్కటే సరిచేయాలి, హైపర్‌వైజర్ క్రమం తప్పకుండా చేసే సింక్ ఆపేయాలి. డొమైన్‌లో చేరిన విండోస్ గెస్ట్‌కు విండోస్ టైమ్ సర్వీస్ ఒక్కటే. నెట్‌వర్క్ అసలు లేని ఒంటరి వీఎంకు హైపర్‌వైజర్ సింక్ ఒక్కటే.

హోస్ట్ గడియారాన్ని గెస్ట్‌కు పీటీపీ పరికరంగా (గెస్ట్ చదవగల కచ్చితమైన గడియారం) చూపించి, క్రోనీ దాన్ని చదివే పద్ధతి ఈ నియమానికి విరుద్ధం కాదు. అక్కడ హోస్ట్ సమయం చెబుతుంది అంతే, దిద్దేది క్రోనీయే.

క్రోనీ, ఎన్‌టీపీడీ, సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ ఒకే మెషీన్‌లో కలిసి నడవకుండా కూడా చూసుకోండి. టైమ్‌సింక్‌డీ సాదా ఎస్ఎన్‌టీపీ క్లయింట్, ఒకసారికి ఒకే సర్వర్‌ను నమ్ముతుంది. డెస్క్‌టాప్‌కు చాలు, డేటాబేస్ నోడ్‌కు చాలదు.

క్లాక్‌సోర్స్ ఏది ఉండాలి? ఎలా చూడాలి?

కెర్నల్ సమయం కోసం చదివే కౌంటరే క్లాక్‌సోర్స్. సిస్ డైరెక్టరీలో డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్, క్లాక్‌సోర్స్0 వరుసగా దిగితే ‘కరెంట్_క్లాక్‌సోర్స్’, ‘అవైలబుల్_క్లాక్‌సోర్స్’ అనే రెండు ఫైళ్లుంటాయి. ‘క్యాట్’ చేసి చూడండి.

కేవీఎం గెస్ట్‌లో ‘కేవీఎం-క్లాక్’ ఉండాలి. హోస్ట్, గెస్ట్ ఇద్దరికీ కనిపించే మెమరీ పేజీలో హోస్ట్ ఒక ఆధార సమయాన్నీ, టీఎస్‌సీని (సీపీయూలోని కౌంటర్) నానోసెకన్లుగా మార్చే గుణకాన్నీ రాసిపెడుతుంది. గెస్ట్ టీఎస్‌సీని చదివి ఆ లెక్క వేసుకుంటుంది. మైగ్రేషన్‌లో సీపీయూ ఫ్రీక్వెన్సీ మారితే హోస్ట్ ఆ గుణకాన్ని కొత్తగా రాస్తుంది, గెస్ట్ తడబడదు. హైపర్-వీ, అజూర్ గెస్ట్‌లలో ఇదే పని ‘హైపర్‌వీ_క్లాక్‌సోర్స్_టీఎస్‌సీ_పేజ్’ చేస్తుంది. నేరుగా ‘టీఎస్‌సీ’ ఉన్నా మంచిదే, కాకపోతే ప్రాసెసర్ ఫ్లాగ్‌లలో ‘కాన్‌స్టంట్_టీఎస్‌సీ’, ‘నాన్‌స్టాప్_టీఎస్‌సీ’ రెండూ కనిపించాలి.

‘ఏసీపీఐ_పీఎం’ లేదా ‘హెచ్‌పీఈటీ’ కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. వాటిని చదివిన ప్రతిసారీ గెస్ట్ నుంచి హైపర్‌వైజర్‌లోకి వెళ్లి రావాలి. టీఎస్‌సీ నుంచి పదుల నానోసెకన్లలో అయ్యే పని మైక్రోసెకన్లకు పెరుగుతుంది. ప్రతి క్వెరీకి టైమ్ అడిగే డేటాబేస్, ప్రతి వరుసకు టైమ్‌స్టాంప్ వేసే లాగర్ దీనివల్ల కారణం తెలియకుండా నెమ్మదిస్తాయి. సమయం కచ్చితంగానే ఉంటుంది కాబట్టి గడియారాన్ని ఎవరూ అనుమానించరు.

గెస్ట్ ఇలాంటి నెమ్మది సోర్స్‌కు ఎందుకు పడిపోయిందో ‘డీమెస్గ్’ చెబుతుంది. టైమ్‌కీపింగ్ వాచ్‌డాగ్ టీఎస్‌సీని ‘అన్‌స్టేబుల్’ అని గుర్తించిన వరుస కోసం వెతకండి. హోస్ట్ మీద భారం మరీ ఎక్కువై, వీసీపీయూ (గెస్ట్‌కు కనిపించే సీపీయూ) చాలాసేపు ఆగిపోయినప్పుడు వాచ్‌డాగ్ పొరబడి ఈ ముద్ర వేయవచ్చు. అలాంటప్పుడు దిద్దాల్సింది హోస్ట్ మీద భారాన్ని. వాచ్‌డాగ్ నోరు మూయించే కెర్నల్ ఆప్షన్లు ఉన్నాయి, కారణం తెలియకముందే వాటిని పెట్టడం ప్రమాదం.

కేవీఎం మీద లినక్స్ గెస్ట్‌కు మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలి?

ముందు హోస్ట్. హోస్ట్‌లో క్రోనీ పెట్టి, కనీసం నాలుగు ఎన్‌టీపీ సర్వర్లు ఇవ్వండి. రెండే ఇస్తే అవి విభేదించినప్పుడు ఏది తప్పో తేలదు. మూడుంటే ఒక అబద్ధాలకోరును పట్టుకోవచ్చు, నాలుగుంటే ఒకటి ఆగిపోయినా ఆ శక్తి మిగులుతుంది.

తర్వాత గెస్ట్‌లో ‘మోడ్‌ప్రోబ్ పీటీపీ_కేవీఎం’ అనండి. డెవ్ డైరెక్టరీలో ‘పీటీపీ0’ కనిపించాలి. ప్రతి బూట్‌లో రావడానికి ఈటీసీ కింద మాడ్యూల్స్-లోడ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి అందులో ‘పీటీపీ_కేవీఎం’ అనే ఒక్క వరుస రాయండి. క్రోనీ.కాన్ఫ్‌లో ఈ వరుసలుండాలి:

రెఫ్‌క్లాక్ పీహెచ్‌సీ /డెవ్/పీటీపీ0 పోల్ 2 స్ట్రాటమ్ 2
మేక్‌స్టెప్ 1.0 3
డ్రిఫ్ట్‌ఫైల్ /వార్/లిబ్/క్రోనీ/డ్రిఫ్ట్

స్ట్రాటమ్ అంటే అసలు గడియారం నుంచి ఎన్నో మెట్టో చెప్పే అంకె. ఆ మాట అక్కడ ఎందుకంటే, రెఫ్‌క్లాక్ అనగానే క్రోనీ దాన్ని అణుగడియారంతో సమానంగా స్ట్రాటమ్ 0 అనుకుని, గెస్ట్‌ను స్ట్రాటమ్ 1 అని ప్రకటిస్తుంది. ఎదుట ఉన్నది నిజానికి ఎన్‌టీపీతో నడిచే హోస్ట్. ఆ గెస్ట్ ఇంకెవరికైనా టైమ్ ఇస్తే ఈ అబద్ధం వాళ్లకూ పాకుతుంది.

మెషీన్‌లో నెట్‌వర్క్ కార్డు తాలూకు పీటీపీ పరికరం కూడా ఉంటే 0, 1 అంకెలు తారుమారు కావచ్చు. సిస్ కింద క్లాస్, పీటీపీ ఫోల్డర్లలో ప్రతి పరికరానికి ‘క్లాక్_నేమ్’ ఫైలుంటుంది, దాన్ని చూసి నిర్ధారించుకోండి.

క్రోనీని రీస్టార్ట్ చేసి రెండు నిమిషాలాగి ‘క్రోనీసీ సోర్సెస్’ చూడండి. ఎంచుకున్న సోర్స్ ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. ‘క్రోనీసీ ట్రాకింగ్’లో ‘సిస్టమ్ టైమ్’ వరుస ప్రస్తుత తేడాను, ‘ఫ్రీక్వెన్సీ’ వరుస గడియారం సహజ వేగంలోని తప్పును చెబుతాయి. పీటీపీ_కేవీఎంతో తేడా మైక్రోసెకన్లలోకి దిగుతుంది. అయితే ఇది హోస్ట్‌తో తేడా. హోస్టే పది సెకన్లు తప్పితే గెస్ట్ కూడా అంతే కచ్చితంగా పది సెకన్లు తప్పుతుంది.

హోస్ట్ మీ అధీనంలో లేకపోతే రెఫ్‌క్లాక్ వదిలేసి, గెస్ట్‌లో కూడా నాలుగు ఎన్‌టీపీ సర్వర్లతో ‘ఐబర్స్ట్’ పెట్టుకోండి.

విండోస్ గెస్ట్‌ను కేవీఎం మీద పెడితే లిబ్‌వర్ట్‌లో ఏ టైమర్లు?

క్లాక్ ట్యాగ్ లోపల: ఆర్‌టీసీకి టిక్‌పాలసీ ‘క్యాచప్’, పీఐటీకి ‘డిలే’, హెచ్‌పీఈటీకి ప్రెజెంట్ ‘నో’, హైపర్‌వీక్లాక్‌కు ప్రెజెంట్ ‘యెస్’. చివరిది మరిచిపోతే విండోస్ పని లేనప్పుడు కూడా హోస్ట్ సీపీయూను తినడం చూస్తారు.

స్నాప్‌షాట్ నుంచి లేచాక వీఎం గంట వెనకబడింది. క్రోనీ నడుస్తోంది, అయినా సరిచేయదేం?

సరిచేస్తోంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ‘మేక్‌స్టెప్ 1.0 3’ అంటే ఒక సెకను కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక్క గంతులో దిద్దమనే అర్థం, కానీ క్రోనీ మొదలయ్యాక తొలి మూడు అప్‌డేట్లలో మాత్రమే. గెస్ట్ దృష్టిలో తాను నిద్రపోలేదు, క్రోనీ ఎప్పుడో మొదలైంది, ఆ మూడూ ఎప్పుడో అయిపోయాయి. ఇక గడియారాన్ని కాస్త వేగంగా నడపడమే దారి. క్రోనీ డిఫాల్ట్ గరిష్ఠ వేగం 8.33 శాతం. గంట తేడా పూడ్చడానికి 12 గంటలు పడుతుంది.

వెంటనే కావాలంటే ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ అనండి. స్నాప్‌షాట్లు, సస్పెండ్ తరచుగా వాడే ల్యాబ్ వీఎంలలో ఆ వరుసను ‘మేక్‌స్టెప్ 1.0 -1’ చేయండి, ఎప్పుడైనా గంతు వేయడానికి అనుమతి దొరుకుతుంది. ప్రొడక్షన్ డేటాబేస్ ఉన్నచోట అంత స్వేచ్ఛ ఇవ్వవద్దు. అక్కడ కేమూ గెస్ట్ ఏజెంట్ (హోస్ట్ అడిగినవి గెస్ట్ లోపల చేసే ప్రోగ్రాం) పెట్టుకుని, రెజ్యూమ్ చేసిన వెంటనే హోస్ట్ నుంచి ‘వర్ష్ డొమ్‌టైమ్’ కమాండ్‌ను వీఎం పేరుతో, ‘సింక్’ ఆప్షన్‌తో నడపండి. దాన్ని బ్యాకప్ స్క్రిప్ట్ చివర చేర్చేస్తే మరిచిపోయే పని ఉండదు.

పాత ఎన్‌టీపీడీ అయితే ఇంకో చిక్కు. 128 మిల్లీసెకన్ల లోపు తేడాను సెకనుకు అర మిల్లీసెకను చొప్పున దిద్దుతుంది. అది దాటితే గంతు వేస్తుంది. 1000 సెకన్లు దాటితే ఏదో పెద్ద తప్పు జరిగిందని తనే ఆగిపోతుంది. వీఎంలలో ఆ ఆగిపోవడమే ఇబ్బంది కాబట్టి ఎన్‌టీపీ.కాన్ఫ్ మొదటి వరుసగా ‘టింకర్ ప్యానిక్ 0’ పెట్టాలి. 127.127.1.0 అనే లోకల్ క్లాక్ వరుస ఉంటే తీసేయండి. అది ఉంటే అసలు సర్వర్లు అందనప్పుడు డీమన్ తన తప్పు గడియారాన్నే నమ్ముతుంది.

వీఎంవేర్ టూల్స్‌లో టైమ్ సింక్ టిక్ తీసేశాం. అయినా అప్పుడప్పుడు టైమ్ దూకుతోంది?

ఆ టిక్ ఆపేది క్రమం తప్పకుండా చేసే సింక్‌ను మాత్రమే. వీమోషన్ (వీఎంవేర్ లైవ్ మైగ్రేషన్) తర్వాత, స్నాప్‌షాట్ తీసినప్పుడు, దానికి వెనక్కి వెళ్లినప్పుడు, రెజ్యూమ్, డిస్క్ ష్రింక్, టూల్స్ రీస్టార్ట్ సమయాల్లో టూల్స్ ఒక్కసారి హోస్ట్ టైమ్ తీసుకుంటుంది. హోస్ట్ సరిగ్గా ఉంటే ఇది మేలే. హోస్ట్‌లో ఎన్‌టీపీ పెట్టకుండా వదిలేసినచోట రాత్రి బ్యాకప్ స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ గెస్ట్ తప్పు సమయానికి దూకుతుంది. లాగ్‌లో దూకిన వేళ, బ్యాకప్ వేళ కలుస్తున్నాయేమో చూడండి.

అందుకే మొదట ఈఎస్ఎక్స్ఐ హోస్ట్‌లో కాన్ఫిగర్, టైమ్ కాన్ఫిగరేషన్‌కు వెళ్లి ఎన్‌టీపీ సర్వర్లు ఇవ్వండి, సర్వీస్ హోస్ట్‌తో పాటే మొదలయ్యేలా పాలసీ పెట్టండి. ఈ ఒక్క పనితో ఎక్కువమంది సమస్య తీరిపోతుంది.

అప్పటికీ పూర్తిగా ఆపాల్సిందే అనుకుంటే వీఎంను పవర్ ఆఫ్ చేసి, ఎడిట్ సెట్టింగ్స్‌లో వీఎం ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కాన్ఫిగరేషన్ పారామీటర్స్ తెరిచి ఈ విలువలన్నీ 0 చేయండి:

టూల్స్.సింక్‌టైమ్
టైమ్.సింక్రనైజ్.కంటిన్యూ
టైమ్.సింక్రనైజ్.రిస్టోర్
టైమ్.సింక్రనైజ్.రెజ్యూమ్.డిస్క్
టైమ్.సింక్రనైజ్.రెజ్యూమ్.హోస్ట్
టైమ్.సింక్రనైజ్.ష్రింక్
టైమ్.సింక్రనైజ్.టూల్స్.స్టార్టప్
టైమ్.సింక్రనైజ్.టూల్స్.ఎనేబుల్

గెస్ట్ లోపల ‘వీఎంవేర్-టూల్‌బాక్స్-సీఎండీ టైమ్‌సింక్ స్టేటస్’ అంటే ప్రస్తుత స్థితి చెబుతుంది, కానీ ఇది కూడా క్రమం తప్పని సింక్ గురించే.

డొమైన్ కంట్రోలర్‌ను హైపర్-వీ మీద వీఎంగా పెట్టాం. జాగ్రత్తలేమిటి?

డొమైన్ కంట్రోలర్ అంటే డొమైన్‌లో లాగిన్‌లు చూసే సర్వర్. ఇక్కడ వలయం ఏర్పడుతుంది. హైపర్-వీ హోస్ట్ డొమైన్‌లో చేరి ఉంటే అది డొమైన్ కంట్రోలర్ నుంచి టైమ్ తీసుకుంటుంది. ఆ డొమైన్ కంట్రోలర్ అదే హోస్ట్ మీద వీఎం, ఇంటిగ్రేషన్ సర్వీస్ ద్వారా హోస్ట్ నుంచి టైమ్ తీసుకుంటుంది. బయటి నుంచి నిజమైన సమయం ఎవరికీ అందదు. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుంటూ కలిసికట్టుగా తప్పుతారు, డొమైన్‌లోని వందల మెషీన్లు వాళ్ల వెంట నడుస్తాయి. తేడా చూపించే మెషీన్ ఒక్కటీ లోపల ఉండదు కాబట్టి బయటి సర్వీసుతో లాగిన్ విఫలమయ్యేదాకా తెలియదు.

డొమైన్‌కంతటికీ టైమ్ ఇచ్చే పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న కంట్రోలర్‌లో ముందు ‘డబ్ల్యూ32టీఎం /క్వెరీ /సోర్స్’ అనండి. ‘వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్’ అని వస్తే అది హోస్ట్‌ను నమ్ముతోంది. రిజిస్ట్రీలో డబ్ల్యూ32టైమ్ సర్వీస్ కింద టైమ్‌ప్రొవైడర్స్, వీఎంఐసీటైమ్‌ప్రొవైడర్ కీలోని ‘ఎనేబుల్డ్’ విలువను 0 చేయండి. హైపర్-వీ మేనేజర్‌లో ఇంటిగ్రేషన్ సర్వీస్ మొత్తాన్ని ఆపడం కంటే ఇది మేలు. రిజ్యూమ్ అయినప్పుడు, బూట్ అప్పుడు మొదటి సమయం హోస్ట్ నుంచే వస్తుంది, ఆ తర్వాతి దిద్దుబాటు మాత్రం విండోస్ టైమ్ సర్వీసుదే అవుతుంది.

తర్వాత ‘డబ్ల్యూ32టీఎం /కాన్ఫిగ్’ కమాండ్‌కు మాన్యువల్‌పీర్‌లిస్ట్‌లో ఎన్‌టీపీ సర్వర్ల పేర్లు, సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్ ‘మాన్యువల్’, రిలయబుల్ ‘యెస్’, చివర ‘/అప్‌డేట్’ ఇవ్వండి. విండోస్ టైమ్ సర్వీసును రీస్టార్ట్ చేసి ‘డబ్ల్యూ32టీఎం /రీసింక్ /రీడిస్కవర్’ అనండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 తెరిచి ఉండాలి. మిగతా కంట్రోలర్లు, సభ్య సర్వర్లు డొమైన్ క్రమంలోనే టైమ్ తీసుకోవాలి, వాటికి చేత్తో సర్వర్లు ఇవ్వకండి.

క్లౌడ్‌లో ఏది వాడాలి?

ఆ క్లౌడ్ ఇచ్చే టైమ్ సర్వీసునే. ఏడబ్ల్యూఎస్‌లో 169.254.169.123 చిరునామా ముంబయి, హైదరాబాద్ రీజియన్లతో సహా అన్నిచోట్లా అదే. క్రోనీలో ‘సర్వర్ 169.254.169.123 ప్రిఫర్ ఐబర్స్ట్ మిన్‌పోల్ 4 మ్యాక్స్‌పోల్ 4’ చాలు. ఇది లింక్-లోకల్ చిరునామా కాబట్టి ఇంటర్నెట్ గేట్‌వే లేని ప్రైవేట్ సబ్‌నెట్‌లో కూడా పనిచేస్తుంది. గూగుల్ క్లౌడ్‌లో మెటాడేటా సర్వరే ఎన్‌టీపీ సర్వర్. అజూర్‌లో లినక్స్ గెస్ట్‌కు డెవ్ కింద ‘పీటీపీ_హైపర్‌వీ’ అనే లింకు ఉంటుంది, దాన్ని పైన చెప్పిన రెఫ్‌క్లాక్ వరుసలో ‘పోల్ 3 డీపోల్ -2 ఆఫ్‌సెట్ 0 స్ట్రాటమ్ 2’తో వాడండి.

యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను, అంటే లీప్ సెకండ్ విషయంలో ఒక హెచ్చరిక. గూగుల్, ఏడబ్ల్యూఎస్ సర్వీసులు లీప్ సెకండ్‌ను ఒక్కసారిగా కలపకుండా 24 గంటల మీద కొద్దికొద్దిగా పరుస్తాయి. మామూలు ఎన్‌టీపీ సర్వర్లు అలా చేయవు. రెండు రకాలనూ ఒకే కాన్ఫిగ్‌లో కలిపితే ఆ రోజున అవి అర సెకను దాకా విభేదిస్తాయి. చివరి లీప్ సెకండ్ 2016 డిసెంబర్ 31న వచ్చింది. అంతకుముందు 2012 జూన్ 30న వచ్చినప్పుడు లినక్స్ కెర్నల్ టైమర్లలోని ఒక లోపం వల్ల చాలా సర్వర్లలో సీపీయూ వాడకం ఒక్కసారిగా ఎగబాకింది. 2035 నాటికి ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని తూనికలు, కొలతల అంతర్జాతీయ సదస్సు 2022లో తీర్మానించింది. అప్పటిదాకా రెంటినీ కలపకుండా ఉండటమే క్షేమం.

సెర్ట్-ఇన్ ఆదేశాలు వీఎంలకూ వర్తిస్తాయా? ఏ సర్వర్లు పెట్టాలి?

వర్తిస్తాయి. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ ఐసీటీ వ్యవస్థలన్నిటి గడియారాలనూ ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్) ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో కలపాలన్నాయి. అసలు మెషీన్, వీఎం అనే తేడా చూపలేదు. సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్, టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్ ఆ సర్వర్లు. పలు దేశాల్లో విస్తరించిన సంస్థలు వేరే ప్రామాణిక సోర్స్ వాడుకోవచ్చు, ఎన్‌పీఎల్, ఎన్‌ఐసీ సమయంతో తేడా రాకూడదు. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలన్నదీ ఆ ఆదేశాల్లోనే ఉంది. తప్పు టైమ్‌స్టాంప్‌లతో 180 రోజుల లాగ్‌లు దాచుకుంటే విచారణ రోజున పనికిరావు.

‘అనుసంధానమైన సర్వర్లతో’ అన్న వెసులుబాటును వాడుకోండి. వందల వీఎంలు నేరుగా సమయ్ సర్వర్లను అడగనక్కర్లేదు. మీ నెట్‌వర్క్‌లో మూడు నాలుగు లోపలి ఎన్‌టీపీ సర్వర్లు పెట్టి, అవి బయటి వాటితో కలిసేలా, హైపర్‌వైజర్ హోస్ట్‌లు, గెస్ట్‌లు లోపలి వాటితో కలిసేలా అమర్చండి. ఆ లోపలి సర్వర్లు వీలైనంతవరకు అసలు మెషీన్లుగా ఉండాలి. పాతవైనా చాలు, ఎన్‌టీపీకి పెద్ద శక్తి అక్కర్లేదు. కోర్ స్విచ్ ఎన్‌టీపీ సర్వర్‌గా పనిచేయగలిగితే అదీ ఒకటిగా లెక్కవేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, డబ్ల్యూఎస్ఎల్ వాడుతున్నాం. మూత వేసి తెరిస్తే టైమ్ పోతోంది.

వర్చువల్‌బాక్స్‌కు గెస్ట్ అడిషన్స్ వేయండి. అది పది సెకన్లకోసారి చూసి చిన్న తేడాలను నెమ్మదిగా దిద్దుతుంది, 20 నిమిషాలు దాటితే ఒక్కసారిగా మారుస్తుంది. అంటే పావుగంట నిద్రపోయిన వీఎం కాసేపు తప్పుగానే ఉంటుంది. వీబాక్స్‌సర్వీస్‌కు ‘టైమ్‌సింక్-సెట్-థ్రెషోల్డ్’ విలువను 1000 మిల్లీసెకన్లకు తగ్గిస్తే ఆ ఇబ్బంది పోతుంది. విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2లో ‘హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్’ను సూడోతో నడపండి. ఫలితం లేకపోతే విండోస్ వైపు నుంచి ‘డబ్ల్యూఎస్ఎల్ --షట్‌డౌన్’ చేసి మళ్లీ తెరవండి.

కంటెయినర్‌లో ఎన్‌టీపీ పెట్టాలా?

వద్దు. కంటెయినర్‌కు వేరే గడియారం లేదు, హోస్ట్ కెర్నల్‌దే అందరిదీ. సమయం మార్చే అనుమతి డిఫాల్ట్‌గా కంటెయినర్‌కు ఉండదు, ఇవ్వకూడదు కూడా, ఇస్తే ఒక కంటెయినర్ మిగతా వాటన్నిటి సమయాన్నీ మార్చేస్తుంది. వేరుగా పెట్టుకోగలిగింది టైమ్‌జోన్ ఒక్కటే.

గెస్ట్ రెండు గంటలు ముందుకు పోయింది, దాని మీద డేటాబేస్ నడుస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

కంగారుగా మేక్‌స్టెప్ కొట్టకండి. సమయం వెనక్కి వెళ్లడం ముందుకు వెళ్లడం కంటే ప్రమాదం. కసాండ్రా లాంటి డేటాబేస్‌లో ఎక్కువ టైమ్‌స్టాంప్ ఉన్న రాతే గెలుస్తుంది. రెండు గంటలు ముందున్న నోడ్ రాసినవన్నీ భవిష్యత్తు తేదీతో ఉన్నాయి. గడియారం సరిచేశాక వచ్చే అప్‌డేట్లు రెండు గంటల పాటు పాత రాతల కింద మరుగున పడతాయి, ఎర్రర్ కూడా రాదు.

ముందు ఆ నోడ్‌కు ట్రాఫిక్ ఆపి, డేటాబేస్ సర్వీసును శుభ్రంగా ఆపండి. గడియారం ఎప్పుడు దూకిందో లాగ్‌లో గుర్తించి రాసిపెట్టుకోండి. దూకడానికి కారణమైన హోస్ట్‌నో, టూల్స్ సింక్‌నో సరిచేయండి, లేకపోతే పది నిమిషాల్లో మళ్లీ అదే జరుగుతుంది. ఆ తర్వాతే ‘క్రోనీసీ మేక్‌స్టెప్’. భవిష్యత్తు టైమ్‌స్టాంప్‌తో పడిన రాతల సంగతి తేల్చాక సర్వీసు మొదలుపెట్టండి. తొందర లేకపోతే ఆ రెండు గంటలు నిజంగా గడిచేదాకా నోడ్‌ను పక్కన పెట్టడం అన్నిటికంటే సురక్షితం. క్రాన్ జాబ్‌లు, గడువు తీరే సెషన్లు, క్యూలో ఉన్న ఆలస్యపు పనులు కూడా ఓసారి చూసుకోండి.

మీరే కోడ్ రాసేవారైతే టైమౌట్‌లకు, మధ్యలో ఎంతసేపు గడిచిందో కొలవడానికి ‘క్లాక్_రియల్‌టైమ్’ వాడకండి, ‘క్లాక్_మోనోటోనిక్’ వాడండి. అది ఎప్పుడూ వెనక్కి వెళ్లదు.

టైమ్ తప్పుతోందని ముందే తెలియాలంటే ఏం గమనించాలి?

మెషీన్ల అంకెలు సేకరించే ప్రొమీథియస్‌కు నోడ్ ఎక్స్‌పోర్టర్ ఇచ్చే ‘నోడ్_టైమెక్స్_ఆఫ్‌సెట్_సెకండ్స్’, ‘నోడ్_టైమెక్స్_సింక్_స్టేటస్’ రెండూ సేకరించండి. ఆఫ్‌సెట్ 50 మిల్లీసెకన్లు దాటి ఐదు నిమిషాలు నిలిస్తే హెచ్చరిక, సింక్ స్టేటస్ 0 అయి పది నిమిషాలు దాటితే హెచ్చరిక అన్నవి మామూలు సర్వర్లకు సరిపోయే హద్దులు. వీటిని గెస్ట్‌లతో పాటు హోస్ట్‌ల మీదా పెట్టాలి, చాలాచోట్ల హోస్ట్‌లనే మరిచిపోతారు.

అయితే ఈ అంకెలు గెస్ట్ తన గురించి తాను చెప్పుకునేవి. తప్పు సోర్స్‌ను నమ్మిన గెస్ట్ కూడా ఆఫ్‌సెట్ సున్నా అనే చెబుతుంది. అందుకే హైపర్‌వైజర్ల మీద ఆధారపడని ఒక అసలు మెషీన్ నుంచి అన్ని వీఎంలనూ ఎన్‌టీపీతో అడిగి పోల్చే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉండాలి. దీనికి గెస్ట్‌లలో క్రోనీ ఆ ఒక్క చిరునామాకు జవాబిచ్చేలా ‘అలౌ’ వరుస రాస్తే చాలు.

‘టాప్’లో ‘ఎస్‌టీ’ అంకె కూడా అదే గ్రాఫ్ పక్కన పెట్టుకోండి. గెస్ట్ సీపీయూ కోసం ఎంతసేపు ఎదురుచూసిందో అది చెబుతుంది. ఆఫ్‌సెట్ ఎగిరిన వేళల్లోనే అదీ ఎగురుతుంటే క్రోనీ కాన్ఫిగ్‌తో కుస్తీ పట్టకుండా, ఆ హోస్ట్ మీది వీఎంలను కొన్నింటిని వేరే హోస్ట్‌కు మార్చండి.